టాప్‌షాప్ పేరు కన్నా అది నడిచిన భవనానికే ఎక్కువ ధర: ఆర్కేడియా గ్రూప్ కేస్ స్టడీ

2021లో బ్రిటన్‌లో జరిగిన రెండు అమ్మకాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఫిబ్రవరి 1న ఏసోస్ అనే ఆన్‌లైన్ బట్టల కంపెనీ టాప్‌షాప్, టాప్‌మ్యాన్, మిస్ సెల్ఫ్రిడ్జ్ పేర్లను, వాటితోపాటు ఒక చిన్న స్పోర్ట్స్ బ్రాండ్‌ను కలిపి 26.5 కోట్ల పౌండ్లకు కొన్నది. గోదాముల్లో ఉన్న సరుకుకు విడిగా కట్టింది. అదే ఏడాది అక్టోబరులో లండన్ ఆక్స్‌ఫర్డ్ సర్కస్ దగ్గర టాప్‌షాప్ పెద్ద షాపు నడిచిన భవనాన్ని ఐకియా 37.8 కోట్ల పౌండ్లకు కొన్నది. బ్రిటిష్ అమ్మాయిలు శనివారం వస్తే చాలు ఎగబడిన షాపు పేరుకు పలికింది, ఆ షాపు గోడలకు పలికిన దాంట్లో దాదాపు డెబ్భై శాతం.

విదేశీ కంపెనీలకు అప్పు మీద బట్టలు పంపే మన ఎగుమతిదారుల తరఫున ఆ కొనుగోలుదారుల లెక్కలు చదవడం నా పని. ఎవరికి ఎంత లిమిట్ ఇవ్వొచ్చు, ఎన్ని రోజుల గడువు ఇవ్వొచ్చు, ఎప్పుడు సరుకు ఆపాలి అని చెప్పడమే ఉద్యోగం. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకు మొదట ఇచ్చే ఫైలు, టాప్‌షాప్‌తో సహా చాలా బట్టల బ్రాండ్లు నడిపి 2020లో మునిగిన ఆర్కేడియా గ్రూప్‌దే. బ్రిటన్‌లో కంపెనీల వార్షిక లెక్కలు ఎవరైనా తీసి చూడొచ్చు. పైగా ఈ గ్రూప్ యజమాని వ్యవహారం మీద అక్కడి పార్లమెంటు కమిటీలు విచారణ జరిపి నివేదిక కూడా ఇచ్చాయి. కాబట్టి ఊహలతో పని లేదు.

కొత్తవాళ్లు సాధారణంగా లాభనష్టాల పట్టికతో మొదలుపెడతారు. నేను ముందు వేరే సంగతులు చూడమంటాను. భవనాలు ఎవరి పేరు మీద ఉన్నాయి? పెన్షన్ బాకీ ఎవరి నెత్తిన ఉంది? బయటికి పోయిన డబ్బు ఎవరి చేతికి పోయింది? లాభం బాగా కనిపిస్తున్న ఏళ్లలో కూడా ఈ గ్రూప్ ఎటు పోతోందో వీటి జవాబుల్లో తెలిసిపోతుంది.

లీడ్స్ దర్జీ

గ్రూప్‌కు మూలపురుషుడు మాంటేగ్ బర్టన్. అసలు పేరు మెషే డేవిడ్ ఒసిన్‌స్కీ. లిథువేనియాలో ఒక యూదు కుటుంబంలో 1885లో పుట్టి, 1900లో, ఇంకా మీసం రాని వయసులో, ఒంటరిగా ఇంగ్లండ్ చేరాడు. మొదట ఊరూరా తిరిగి చిల్లర సామాన్లు అమ్మాడు. తర్వాత చెస్టర్‌ఫీల్డ్‌లో బట్టల కొట్టు పెట్టాడు, అక్కణ్నుంచి లీడ్స్‌కు మారాడు.

అప్పట్లో కొలతలిచ్చి సూట్ కుట్టించుకోవడం డబ్బున్నవాళ్ల వ్యవహారం. బర్టన్ దాన్ని గుమాస్తాలకీ కార్మికులకీ అందేలా చేశాడు. షాపులో గుడ్డ ఎంచుకుంటారు, కొలతలు ఇస్తారు, ఆర్డర్ లీడ్స్ ఫ్యాక్టరీకి వెళ్తుంది, కుట్టిన సూట్ తిరిగి అదే షాపుకి వస్తుంది. అప్పు లెక్కలు చూసేవాడిగా నాకు ఇందులో బాగా నచ్చేది సరుకు నిల్వ తీరు. కొనేవాడు ఖాయమయ్యాకే గుడ్డ కత్తెర కిందికి వెళ్తుంది. సీజన్ చివర మిగిలిపోయి సగం ధరకు అమ్ముకోవాల్సిన మాల్ దాదాపు ఉండదు. తర్వాతి కాలంలో రెడీమేడ్ వ్యాపారాన్ని పీడించిన డెడ్ స్టాక్ సమస్య ఈ పద్ధతిలో పుట్టనే పుట్టదు.

లీడ్స్‌లోని హడ్సన్ రోడ్ ఫ్యాక్టరీలో మంచి రోజుల్లో 10,000 మందికి పైగా పనిచేశారు. 1930లలో కట్టిన క్యాంటీన్‌లో 8,000 మందికి భోజనం పెట్టే ఏర్పాటు ఉండేది. సేల్స్‌మన్లు ఎలా మాట్లాడాలో కూడా బర్టన్ రాతపూర్వకంగా చెప్పాడు: ఇన్‌కమ్‌ట్యాక్స్ వసూలుకు వచ్చినవాడిలా కరకుగా ఉండొద్దు, జోస్యం చెప్పేవాడిలా తేనె పూయొద్దు, మధ్యస్థంగా హుందాగా ఉండాలి. ఇప్పటికీ మన బట్టల షాపుల్లో సగం మందికి ఈ సలహా పనికొస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఆయన స్థలాల పిచ్చి. ఊరి నడిబొడ్డున, రెండు రోడ్లు కలిసే మూల మీద స్థలం దొరికితే వదిలేవాడు కాదు. కొని, తన సొంత నమూనాలో భవనం కట్టించేవాడు. కింద షాపు, పైన చాలాచోట్ల బిలియర్డ్స్ హాలు. శంకుస్థాపన రాళ్ల మీద తన పిల్లల పేర్లు చెక్కించేవాడు. ఇంగ్లండ్‌లో ఏ పాత ఊరి బజారులోనైనా నడుస్తూ కింది వరుస రాళ్ల మీద ఓ కన్నేసి ఉంచితే, ఇప్పుడు అక్కడ కాఫీ షాపో మందుల షాపో ఉన్నా, 'ఈ రాయిని బర్టన్ గారి ఫలానా బిడ్డ వేశారు' అనే అక్షరాలు కనిపిస్తాయి. రెండో ప్రపంచయుద్ధం వచ్చేనాటికి దాదాపు 600 షాపులు. యుద్ధంలో బ్రిటిష్ సైనికుల యూనిఫాంలలో సుమారు నాలుగో వంతు ఈ కంపెనీయే కుట్టింది. యుద్ధం ముగిశాక ఇంటికి వెళ్లే సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన సూట్లలో మూడో వంతు దాకా కూడా వీళ్లవే.

1952లో బర్టన్ చనిపోయాడు. అప్పటికి కంపెనీ దగ్గర రెండు బలమైన ఆస్తులున్నాయి: కుట్టే ఫ్యాక్టరీ, అమ్మే మూల స్థలాలు. తర్వాత ముప్పై ఏళ్లలో మొదటిది పూర్తిగా పోయింది. రెండోదాని మీద అందరి కళ్లూ పడ్డాయి.

సూట్ నుంచి మినీస్కర్ట్‌కు

1946లో బర్టన్ కొన్న కంపెనీల్లో పీటర్ రాబిన్సన్ ఒకటి. ఆడవాళ్ల బట్టలమ్మే పాత డిపార్ట్‌మెంట్ స్టోర్. దాని ప్రధాన షాపు ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో ఉండేది. 1964లో పీటర్ రాబిన్సన్ షెఫీల్డ్ షాపులో కుర్రకారు కోసం ఒక విభాగం తెరిచి టాప్‌షాప్ అని పేరు పెట్టారు. పదేళ్లు తిరిగేసరికి ఆ విభాగం సొంతంగా నిలబడింది. పీటర్ రాబిన్సన్ పేరు మాసిపోయి, ఆక్స్‌ఫర్డ్ సర్కస్ టాప్‌షాప్‌దైపోయింది. మగపిల్లల కోసం టాప్‌మ్యాన్ 1978లో వచ్చింది. లావుపాటి సైజుల ఎవాన్స్ 1971లో, డొరతీ పెర్కిన్స్ 1979లో గ్రూప్‌లో చేరాయి. మింత్రా యాప్‌లో డొరతీ పెర్కిన్స్ టాపులు చూసినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. అది 1909లో ఆడవాళ్ల మేజోళ్లు, లోదుస్తులు అమ్మే కంపెనీగా మొదలైంది.

ఈ లోపు కొలతలిచ్చి సూట్ కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. రెడీమేడ్ వచ్చింది, జీన్స్ వచ్చింది, విదేశాల నుంచి చవక సరుకు వచ్చింది. హడ్సన్ రోడ్ ఫ్యాక్టరీ కుట్టుపని 1980లలో ముగిసింది. అప్పటి అధిపతి రాల్ఫ్ హాల్పర్న్ గ్రూప్‌ను తయారీ నుంచి తప్పించి పూర్తిగా షాపుల కంపెనీగా మార్చాడు. ఏడాదికి పది లక్షల పౌండ్ల జీతం దాటిన తొలి బ్రిటిష్ కంపెనీ అధిపతిగా పత్రికలకెక్కాడు. 1985లో హోరాహోరీ పోరాడి డెబెన్‌హమ్స్ డిపార్ట్‌మెంట్ స్టోర్లను కొన్నాడు. ఆ దశాబ్దంలో బ్రిటన్‌లో స్థలాల ధరలు విపరీతంగా పెరిగాయి. బట్టల కంపెనీ కాస్తా రియల్ ఎస్టేట్ మోజులో పడింది. 1990 ప్రాంతంలో ఆ బుడగ పేలేసరికి గ్రూప్‌కు గట్టి దెబ్బే తగిలింది. హాల్పర్న్ కూడా ఆ ఏడాదే వెళ్లిపోయాడు.

తర్వాతి పదేళ్లు అమ్మకాలు, కొనుగోళ్లు, విడదీతలు. అన్నీ చెప్పుకుంటూ పోతే తలనొప్పి తప్ప ఉపయోగం లేదు. గుర్తుంచుకోవాల్సినవి ఇవి: 1998లో డెబెన్‌హమ్స్‌ను వేరే కంపెనీగా విడగొట్టారు, మిగిలిన గ్రూప్‌కు ఆర్కేడియా అని పేరు పెట్టారు. 1999లో వాలిస్, మిస్ సెల్ఫ్రిడ్జ్ వంటి బ్రాండ్లు సియర్స్ గ్రూప్ నుంచి వచ్చి చేరాయి. వాటిని అమ్మినవాడు ఫిలిప్ గ్రీన్ అనే బ్రిటిష్ వ్యాపారి. మూడేళ్ల తర్వాత వాటితో సహా ఆర్కేడియా మొత్తాన్నీ కొన్నదీ ఆయనే.

120 కోట్ల పౌండ్ల చెక్కు

2000లో గ్రీన్ బీహెచ్ఎస్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ గొలుసును 20 కోట్ల పౌండ్లకు కొన్నాడు. 2002లో ఆర్కేడియాను సుమారు 85 కోట్ల పౌండ్లకు కొని స్టాక్ మార్కెట్ నుంచి తప్పించాడు. ఎక్కువ భాగం బ్యాంకు అప్పే. అప్పటికే స్టువర్ట్ రోజ్ అనే సీఈఓ రెండేళ్లపాటు పనికిరాని బ్రాండ్లను వదిలించి ఇల్లు సర్దిపెట్టాడు, కాబట్టి గ్రీన్ చేతికి వచ్చింది నడుస్తున్న బండే. బేరమాడటంలో, ఖర్చు కోయడంలో, సరుకు ధర గీచి గీచి తగ్గించడంలో ఆయన ఘనుడు. కొన్నప్పటి అప్పును అనుకున్నదానికన్నా ముందే తీర్చేశాడు. ఆ రోజుల్లో బ్యాంకులు ఆయన్ను నెత్తిన పెట్టుకున్నాయంటే ఆశ్చర్యం లేదు.

2005లో ఆర్కేడియా ఒక డివిడెండ్ ప్రకటించింది. అందులో 120 కోట్ల పౌండ్లు గ్రీన్ భార్య టీనా గ్రీన్‌కు వెళ్లాయి. షేర్లు టవేటా అనే కంపెనీ ద్వారా ఆమె చేతిలో ఉన్నాయి. ఆమె నివాసం మొనాకో. అందువల్ల బ్రిటన్‌లో ఆ డివిడెండ్ మీద ఆదాయపు పన్ను పడలేదు. ఇదంతా చట్టబద్ధమే. ఆ ఏడాది గ్రూప్ లాభానికి అది నాలుగు రెట్ల పైమాట. అంటే లాభంలోంచి పంచింది కాదు. బ్యాంకుల దగ్గర కొత్తగా 100 కోట్ల పౌండ్ల దాకా అప్పు తెచ్చి పంచింది.

క్లాసులో ఇక్కడ నేను కాసేపు ఆగుతాను. కొత్తవాళ్లు వెంటనే 'అందుకే మునిగిపోయింది' అంటారు. అంత తేలిగ్గా తేల్చేస్తే ఒప్పుకోను. డివిడెండ్ ఇచ్చాక కూడా కంపెనీ పదిహేనేళ్లు నడిచింది. వడ్డీ కట్టింది, అసలు తీర్చింది, మధ్యలో మంచి లాభాలూ చూపించింది. దీపం ఉండగా ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు కదా, గ్రీన్ కుటుంబం తమ ఇల్లు చక్కబెట్టుకుంది. షాపుల సంగతే వెనకబడింది. 2005 తర్వాత మిగులు డబ్బు మొదట బ్యాంకులకు పోవాలి. సరిగ్గా అదే పదేళ్లలో బట్టల వ్యాపారం షాపు నుంచి ఫోన్‌కు మారింది. గోదాములు, సాఫ్ట్‌వేర్, డెలివరీ, షాపుల మరమ్మతు, అన్నిటికీ డబ్బు కుమ్మరించాల్సిన కాలం. పోటీదారులు కుమ్మరించారు. ఆర్కేడియా మాత్రం పాత లీజుల అద్దెలు, వడ్డీ, పెన్షన్ చందా కట్టుకుంటూ కూర్చుంది.

మంచి రోజులు కూడా చెప్పాలి, లేకపోతే ఈ కథ ఏకపక్షమవుతుంది. 1998 నుంచి 2006 దాకా బ్రాండ్ డైరెక్టర్ జేన్ షెపర్డ్‌సన్ చేతిలో టాప్‌షాప్ ఒక వెలుగు వెలిగింది. ఆక్స్‌ఫర్డ్ సర్కస్ షాపు 90,000 చదరపు అడుగులు. సరుకు ఎంత త్వరగా మారేదంటే వారం ఆగి వెళ్తే చూసిన డ్రెస్ ఉండేది కాదు. గోళ్ల పాలిష్, జుట్టు కత్తిరింపు కూడా అక్కడే. 2007లో మోడల్ కేట్ మాస్ డిజైన్ల విడుదల సందర్భంగా ఆమె ఎర్ర గౌనులో షాపు అద్దాల వెనక బొమ్మలా నిలబడింది, బయట వీధంతా జనం. 2009లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో షాపు తెరిచారు. 2012లో లెనార్డ్ గ్రీన్ అనే అమెరికన్ పెట్టుబడి సంస్థ టాప్‌షాప్, టాప్‌మ్యాన్‌లలో 25 శాతం వాటా కొన్నది. ఈ రెండు బ్రాండ్లకు అప్పుడు కట్టిన విలువ 200 కోట్ల పౌండ్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. ఫిలిప్ గ్రీన్‌కూ ఈ సంస్థకూ బంధుత్వం లేదు, పేరు కలిసిందంతే. షెపర్డ్‌సన్ మాత్రం 2006లోనే వెళ్లిపోయింది. నా దృష్టిలో లెక్కల పుస్తకంలో కనిపించని అతిపెద్ద నష్టం అదే.

ఒక పౌండుకు అమ్ముడైన బీహెచ్ఎస్

బీహెచ్ఎస్ కథ వేరుగా చదవాలి, ఎందుకంటే నేను అడగమన్న ప్రశ్నలన్నిటికీ జవాబు అక్కడ పచ్చిగా దొరుకుతుంది.

మొదట భవనాలు. 2001లో బీహెచ్ఎస్ తన షాపు భవనాలు కొన్నిటిని కార్మెన్ ప్రాపర్టీస్ అనే కంపెనీకి అమ్మి, వాటినే అద్దెకు తీసుకుంది. కార్మెన్ గ్రీన్ కుటుంబానిదే. నిన్నటిదాకా సొంత గోడలు, ఇవాళ్టి నుంచి యజమాని కుటుంబానికే అద్దె. తర్వాత డబ్బు. 2002 నుంచి 2004 మధ్య బీహెచ్ఎస్ 40 కోట్ల పౌండ్లకు పైగా డివిడెండ్ ఇచ్చింది, అందులో పెద్ద వాటా గ్రీన్ కుటుంబానిది. ఇక పెన్షన్. గ్రీన్ కొన్న నాటికి పెన్షన్ నిధి మిగులులో ఉంది. తర్వాత లోటులో పడి, ఏటేటా పెరుగుతూ పోయింది.

బ్రిటన్ పెన్షన్ సంగతి మన వాళ్లకు కాస్త వివరించాలి. మన పీఎఫ్‌లో జమ చేసింది వడ్డీతో వస్తుంది, అంతటితో సరి. అక్కడి పాత స్కీముల్లో చివరి జీతాన్ని బట్టి బతికున్నంత కాలం ఇంత ఇస్తామని కంపెనీయే మాటిస్తుంది. నిధిలో డబ్బు చాలకపోతే ఆ లోటు కంపెనీ బాకీ. బ్యాంకు అప్పులా ప్రతి నెలా వాయిదా గుర్తుచేయదు కాబట్టి చాలామంది దాన్ని అప్పుగానే చూడరు. మా ఫైళ్లలో నేను దాన్ని అప్పు పక్కనే కలిపి రాయిస్తాను.

2015 మార్చిలో గ్రీన్ బీహెచ్ఎస్‌ను ఒక పౌండుకు అమ్మేశాడు. కొన్న బృందానికి నాయకుడు డొమినిక్ చాపెల్. గతంలో దివాలా తీసినవాడు, రిటైల్ అనుభవం లేనివాడు. పదమూడు నెలలు తిరిగేసరికి, 2016 ఏప్రిల్‌లో కంపెనీ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. అంటే కోర్టు పద్ధతిలో నియమితులైన అడ్మినిస్ట్రేటర్లు నడిపించడమో అమ్మడమో చేస్తారు. ఎవరూ కొనలేదు. 164 షాపులు, 11,000 ఉద్యోగాలు పోయాయి. పెన్షన్ లోటు 57.1 కోట్ల పౌండ్లు. పార్లమెంటు కమిటీలు గ్రీన్‌ను పిలిచి గంటల తరబడి ప్రశ్నించాయి, జూలైలో ఘాటైన నివేదిక ఇచ్చాయి. ఆయన సర్ బిరుదు తీసేయాలని దిగువ సభ తీర్మానం కూడా చేసింది, కానీ బిరుదు పోలేదు. చివరికి 2017 ఫిబ్రవరిలో పెన్షన్ నిధికి 36.3 కోట్ల పౌండ్లు ఇచ్చేందుకు గ్రీన్ ఒప్పుకున్నాడు.

కొనేవాళ్లు ఎటు పోయారు

ఇదంతా యజమాని తప్పేనా? కాదు. ఒక్కో బ్రాండ్ నుంచి ఒక్కో రకం గిరాకీ ఒక్కో వైపు పోయింది. చవక కావాలనుకున్నవాళ్లు ప్రైమార్క్‌కు వెళ్లారు. అది 2007లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోనే పెద్ద షాపు తెరిచింది. ఫ్యాషన్ కావాలనుకున్నవాళ్లు జారాకు, హెచ్ అండ్ ఎమ్‌కు వెళ్లారు. పడుకునే ముందు ఫోన్‌లో చూసుకుని పొద్దున్నే కావాలనుకున్నవాళ్లు ఏసోస్‌కు, బూహూకు వెళ్లారు. డొరతీ పెర్కిన్స్, వాలిస్, బర్టన్ ఈ మూడింట్లో దేనికీ చెందక మధ్యలో మిగిలాయి. పైగా చాలా ఊళ్లలో ఇవన్నీ ఒకే వీధిలో పక్కపక్కన ఉండేవి. ఒకరి గిరాకీ మరొకరు తినేవారు, అద్దె మాత్రం అన్నిటికీ విడివిడిగా పోయేది.

ఆర్కేడియాకు ఇంటర్నెట్ తెలియక కాదు. 1999-2000 ప్రాంతంలోనే జూమ్ అనే షాపింగ్ పోర్టల్ పెట్టిన గ్రూప్ ఇది. తర్వాత దాన్ని పట్టుకుని పెంచలేదు. వెబ్‌సైట్లు ఉన్నాయి, కానీ వ్యాపారం గుండె షాపులోనే ఉండిపోయింది.

2018 ఆర్థిక సంవత్సరంలో దాదాపు 180 కోట్ల పౌండ్ల అమ్మకాల మీద సుమారు 9.3 కోట్ల నష్టం వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో గ్రీన్ వ్యక్తిగత ప్రవర్తన మీద ఆరోపణలు పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ప్రస్తావనకొచ్చాయి. ఆయన ఖండించాడు. బ్రాండ్లకు మాత్రం మచ్చ అంటింది, గాయని బియాన్సే తన ఐవీ పార్క్ బ్రాండ్‌లో ఆయన వాటాను కొనేసి బయటికి నడిచింది.

సీవీఏ, ఆ పైన కోవిడ్

2019 జూన్‌లో ఆర్కేడియా కంపెనీ వాలంటరీ అరేంజ్‌మెంట్‌కు వెళ్లింది. అక్కడ అందరూ సీవీఏ అంటారు. అప్పులవాళ్లందరినీ కూర్చోబెట్టి 'ఇంత తగ్గించుకోండి, లేకపోతే అసలుకే మోసం' అని ఓటు అడిగే పద్ధతి. బాకీ విలువలో 75 శాతం మంది ఒప్పుకుంటే మిగతావాళ్లూ కట్టుబడాలి. ఇక్కడ భారం ప్రధానంగా షాపుల యజమానుల మీద పడింది. చాలా షాపుల అద్దెలు కోశారు, కొన్ని మూసేశారు. పెన్షన్ అధికారులను ఒప్పించడానికి టీనా గ్రీన్ 10 కోట్ల పౌండ్లు ఇస్తానంది, 21 కోట్ల విలువైన ఆస్తులు హామీ పెట్టారు. అమెరికన్ సంస్థ తన 25 శాతం వాటాను ఒక డాలరుకు వెనక్కి ఇచ్చేసింది. 2012లో 200 కోట్లుగా కట్టిన విలువలో నాలుగో వంతు అది!

ఆక్స్‌ఫర్డ్ సర్కస్ భవనం మీద కూడా అపోలో అనే అమెరికన్ సంస్థకు 31 కోట్ల పౌండ్ల మేర తనఖా ఉంది. ఊపిరాడటానికి మిగిలిన చివరి ఆస్తినీ కుదువ పెట్టేశారన్నమాట.

కోవిడ్ వచ్చి షాపులు మూతపడ్డాయి. 2020 నవంబరు 30న ఆర్కేడియా అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. దేశంలో 444 షాపులు, 13,000 మంది ఉద్యోగులు. ఒకప్పుడు 2,000కు పైగా షాపులున్న గ్రూప్ ఇది. పెన్షన్ లోటు 35 కోట్ల పౌండ్లు ఉంటుందని అంచనా. బ్రాండ్లను విడివిడిగా వేలానికి పెట్టారు. షాపులు ఎవరూ అడగలేదు. పేర్లు మాత్రమే కావాలన్నారు.

వేలంలో టాప్‌షాప్ కోసం మొదట ముందుకొచ్చినవాళ్లలో నెక్స్ట్ ఉంది. ధర కుదరక తప్పుకుంది. నెక్స్ట్ కూడా లీడ్స్ దర్జీ కంపెనీ నుంచే పుట్టింది. 1864లో మొదలైన హెప్‌వర్త్, బర్టన్‌కు అన్నలాంటిది. 1982లో నెక్స్ట్ పేరుతో ఆడవాళ్ల షాపులు పెట్టి, తర్వాత కంపెనీకీ అదే పేరు పెట్టుకుంది. 1988లో ఇంటికే పంపే నెక్స్ట్ డైరెక్టరీ అనే కేటలాగ్ తెచ్చింది. అతిగా విస్తరించి 1990లో షేరు పది పెన్నీల లోపుకు పడిపోయి చావు తప్పి కన్ను లొట్టపోయినంత పనైంది. కానీ కేటలాగ్‌ను మాత్రం వదల్లేదు. ఆర్డర్ తీసుకోవడం, ఇంటికి పంపడం, నచ్చకపోతే తిరిగి తీసుకోవడం, అరువు ఇవ్వడం, అన్నీ ఇంటర్నెట్ రాకముందే దానికి అలవాటు. ఇంటర్నెట్ వచ్చాక పుస్తకం బదులు స్క్రీన్ పెట్టుకుంది. అదే వీధి, అదే వాన, అదే అద్దెల గోల ఇద్దరికీ.

సప్లయర్ బల్ల మీద నుంచి చూస్తే

మాకు కావాల్సింది కంపెనీ ఎప్పుడు మునుగుతుందన్న జోస్యం కాదు, మన సరుకు మునగకముందే గుర్తులు పట్టడం. ఆర్కేడియాలో అవి వరుసగా కనిపించాయి. 2018లో సప్లయర్ల నుంచి అన్ని ఆర్డర్ల మీద అదనంగా 2 శాతం డిస్కౌంట్ అడిగారు, ఇప్పటికే ఒప్పుకున్న ఆర్డర్ల మీద కూడా. ఒప్పందం కుదిరాక ధర తగ్గించమని అడిగే కొనుగోలుదారుకు నగదు కరువైందని నేను రాసుకుంటాను. రెండు శాతం చిన్నదే, కానీ గార్మెంట్ ఎగుమతిలో మనవాడికి మిగిలేది కూడా చాలాసార్లు అంతే. తర్వాత సీవీఏ. అద్దె యజమాని నోట్లో మట్టి కొట్టినవాడు రేపు మన దగ్గరికి రాడని ఎవరూ అనుకోకూడదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలవగానే ఎన్నో పాశ్చాత్య బ్రాండ్లు ఆర్డర్లు రద్దు చేశాయి. కుట్టడం పూర్తయిన మాల్, దారిలో ఉన్న మాల్ కూడా. పూర్తిగా చెల్లిస్తామని మాటిచ్చినవాళ్లు, ఇవ్వనివాళ్లు అని వర్కర్ రైట్స్ కన్సార్టియం అనే కార్మిక హక్కుల సంస్థ జాబితా పెడితే ఆర్కేడియా ఇవ్వనివాళ్ల వైపు ఉంది. డబ్బు అందక ఇబ్బంది పడింది ఎక్కువగా బంగ్లాదేశ్, భారత్, శ్రీలంక ఫ్యాక్టరీలు, వాటిలో మిషన్ల మీద కూర్చున్న ఆడవాళ్లు.

దివాలా వచ్చాక మన వరుస ఎక్కడుంటుందో కూడా తెలిసి ఉండాలి. తనఖా ఉన్న బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు ముందు. అడ్మినిస్ట్రేటర్ల ఫీజు, ఉద్యోగుల బకాయిల్లో కొంత తర్వాత. హామీ లేని సప్లయర్ చిట్టచివర, లోటు తాలూకు పెన్షన్ నిధి పక్కన నిలబడతాడు. ఆ నిధి బాకీ ఎంత పెద్దదైతే మిగిలిన చిల్లరలో మన భాగం అంత చిన్నదవుతుంది. పెన్షన్ అంకెను అప్పు పక్కన రాయమనేది ఇందుకే. సరుకు డబ్బు అందేదాకా దాని మీద హక్కు మనదేనన్న నిబంధన కాంట్రాక్టులో ఉంటే కొంత మేలు. అది కూడా మాల్ అమ్ముడుపోకుండా, ఇది ఫలానావారి మాల్ అని గుర్తుపట్టేలా ఉంటేనే.

ఇంకో చిన్న జాగ్రత్త: ఆర్డర్ కాగితం మీద ఏ కంపెనీ పేరుందో చూడండి. షాపు బోర్డు మీద పేరు ఒకటి, ఇన్‌వాయిస్ కట్టాల్సిన కంపెనీ ఇంకొకటి, ఆస్తులున్న కంపెనీ మూడోది కావచ్చు. బ్రాండ్‌కు ఉన్న పేరు చూసి లిమిట్ ఇచ్చేస్తే వసూలు దగ్గర తెల్లముఖం వేయాల్సి వస్తుంది.

ఇప్పుడు ఆ పేర్లు ఎక్కడున్నాయంటే: ఎవాన్స్‌ను ఆస్ట్రేలియా కంపెనీ సిటీ చిక్ 2.3 కోట్ల పౌండ్లకు తీసుకుంది. టాప్‌షాప్‌ను కొన్న ఏసోస్ కూడా తర్వాత చిక్కుల్లో పడి, 2024లో టాప్‌షాప్, టాప్‌మ్యాన్‌లలో 75 శాతాన్ని డెన్మార్క్‌కు చెందిన హోల్క్ పౌల్సన్ కుటుంబ సంస్థ హార్ట్‌ల్యాండ్‌కు 13.5 కోట్ల పౌండ్లకు ఇచ్చేసింది. 2025 ఆగస్టులో టాప్‌షాప్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఫ్యాషన్ షో పెట్టి మళ్లీ సొంత వెబ్‌సైట్ తెరిచింది. ఆక్స్‌ఫర్డ్ సర్కస్ భవనంలో అదే ఏడాది మే నుంచి ఐకియా సోఫాలు అమ్ముతోంది.

డొరతీ పెర్కిన్స్, వాలిస్, బర్టన్ మూడూ కలిపి 2021 ఫిబ్రవరిలో బూహూకు 2.52 కోట్ల పౌండ్లకు పోయాయి. షాపులు లేవు, పేర్లూ సరుకూ మాత్రమే. దానికి కొద్ది రోజుల ముందే బూహూ డెబెన్‌హమ్స్ పేరును 5.5 కోట్లకు కొని ఉంది. 2025 మార్చిలో బూహూ తన గ్రూప్ పేరునే డెబెన్‌హమ్స్ గ్రూప్ అని మార్చుకుంది. 1985లో డెబెన్‌హమ్స్‌ను మింగిన బర్టన్ ఇప్పుడు ఆ డెబెన్‌హమ్స్ గ్రూప్ చేతిలోని పేర్లలో ఒకటి. ఇవాళ ఎవరైనా బర్టన్ లేబుల్‌తో ఆర్డర్ తెస్తే లిమిట్ పెట్టాల్సింది డెబెన్‌హమ్స్ గ్రూప్ లెక్కలు చదివి.